పాత ఫోనూ కొత్త ఫోనూ: కెమెరాలను పోల్చే ముందు

ఒకే శ్రేణిలోని పాత, కొత్త ఫోన్ల కెమెరాలను పోల్చేటప్పుడు చాలామంది ఏ ఫోనుతో తీసిన ఫొటోను ఆ ఫోను తెరమీదే చూస్తారు. తీర్పు తప్పేది అక్కడే. కొత్త తెర సాధారణంగా ఎక్కువ వెలుగునిస్తుంది కాబట్టి కొత్త ఫొటోయే బాగున్నట్టు అనిపిస్తుంది. రెండింటినీ ఒకే కంప్యూటర్‌లోకి ఎక్కించి చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, కాబట్టి కేబుల్‌తో అసలు ఫైలునే తీసుకోండి.

ముందుగా పాత ఫోను లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. రెండేళ్ల వేలిముద్రలకు కెమెరాను నిందించడం అన్యాయం! పగటి వెలుగులో తీసి చూడటం దాదాపు వృథా, రెండూ ఒకేలా వస్తాయి. రాత్రి గదిలో ఒక్క దీపం వెలుగులో, కదులుతున్న మనిషిని తీయండి. తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

మెగాపిక్సెళ్ల లెక్క, అంటే ఫొటోలో ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయన్న అంకె, చూసి మాత్రం మోసపోకండి. గూగుల్ పిక్సెల్ 3, 4, 5 ఫోన్లు మూడింటిలోనూ ప్రధాన కెమెరా సెన్సర్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్) ఒకటే, 12.2 మెగాపిక్సెళ్లది, మెరుగుదల ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందే. ఐఫోన్ 14 ప్రోలో 48 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఉన్నా, నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి మామూలుగా 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది.