అల్లం టీ కొంబూచాలో గ్యాస్ రావట్లేదా? ముందు మూత చూడండి

వైజాగ్ బీచ్ రోడ్డులో సాయంత్రం పూట అల్లం దంచి వేసి మరిగించే టీ ఉంటుంది కదా, ఆ ఘాటు చల్లగా బీరులా పొంగే డ్రింకులో దొరికితే ఎంత బాగుంటుందో అనిపించి కొంబూచాలో, అంటే తియ్యటి టీని జాడీలో పులియబెట్టి తర్వాత సీసాల్లో గ్యాస్ పట్టించే డ్రింకులో, అల్లం వెయ్యడం మొదలెట్టాను. టీ కాచడం, స్కోబీని (టీని పులియబెట్టే ఈస్ట్, బాక్టీరియా కలిసిన మెత్తటి బిళ్ళ) చూసుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నా. నా కొలత లీటరుకి రెండు చెంచాల టీపొడి, 70 గ్రాముల పంచదార, 100 మి.లీ. పాత కొంబూచా. పాలు వద్దు, యాలకుల ఫ్లేవర్ కలిపిన టీపొడి కూడా వద్దు.

సీసాలో అసలు గ్యాస్ లేదు

అందరూ పంచదార పెంచేస్తారు, అల్లం మార్చేస్తారు, మూత మాత్రం చూడరు. షాపులో కొన్న సోడా ఆ సీసాలోనే మెడదాకా పోసి మూత బిగించి మర్నాడు తీసి చూడండి, బుడగలు పోయాయంటే మీ కొంబూచాలో తప్పేం లేదు, మూత లీకవుతోంది. క్లిప్పు మూత సీసాలైతే రబ్బరు వాషర్ మార్చండి. షోకి అమ్మే పల్చటి గాజు సీసాలు మాత్రం వాడకండి, గ్యాస్ పట్టిందంటే పగులుతాయి.

అల్లం వేసిన సీసాలు ఫ్రిజ్‌లోనో ఏసీ గదిలోనో పెట్టేశారా? బయట పెట్టండి, మన ఉక్కపోతకి ఎండాకాలం ఒకటి రెండు రోజులు చాలు.

కొన్ని సీసాల్లో గ్యాస్ ఉంది, కొన్నిట్లో లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒకే జాడీలోంచి ఎనిమిది సీసాలు నింపాను, మొదటి ఐదూ చప్పగా ఉన్నాయి, రైతు బజార్లో ఏజెన్సీ అల్లం కొనుక్కొచ్చి మళ్ళీ చేశా, టీపొడి మార్చా, పంచదార రెట్టింపు చేశా, ఏం చేసినా అంతే. ఓ రోజు ఆఖరి సీసా మూత తీస్తే సగం కొంబూచా వంటింటి పైకప్పుకి కొట్టింది, అప్పుడు అర్థమైంది.

గ్యాస్ పుట్టించేది ఈస్ట్, అది జాడీ అడుగున గోధుమ రంగు మడ్డిలా దిగిపోతుంది. మనమేమో మురికి అనుకుని జాడీ కదపకుండా పైన తేట మాత్రం మెల్లగా వంచుకుంటాం. ముందు నింపిన సీసాల్లోకి ఈస్ట్ చాలా తక్కువ వెళ్తుంది, ఆఖరి దాంట్లో మొత్తం చేరుతుంది, అందుకే అవి చప్పగా, ఇది బాంబులా. దీన్ని పట్టుకోవాలంటే సీసాలు నింపిన వరసలో నంబర్లు రాసుకోండి, నంబరు పెరిగేకొద్దీ గ్యాస్ పెరుగుతుంటే కారణం ఇదే.

స్కోబీ తీసి పక్కన పెట్టి, శుభ్రమైన గరిటెతో అడుగుదాకా కలిపి, సీసా సీసాకీ మధ్య మళ్ళీ ఒకసారి తిప్పుతూ నింపండి. తర్వాతి బ్యాచ్‌కి దాచుకునే పాత కొంబూచా కూడా ఇలా కలిపిందే తియ్యండి, ఎప్పుడూ పైతేటే తీస్తూ పోతే నాలుగైదు బ్యాచ్‌లకి పులుపు మిగిలి గ్యాస్ తగ్గిపోతుంది. చప్పగా ఉన్న సీసాల్ని పారబొయ్యక్కర్లేదు, అన్నీ గిన్నెలో పోసి జాడీ మడ్డి కొంచెం కలిపి, అరలీటరు సీసాకి అర చెంచా పంచదార వేసి మళ్ళీ మూత పెట్టండి. వాటితో పాటు ఒక ప్లాస్టిక్ సోడా బాటిల్ కూడా నింపుకోండి, అది నొక్కితే రాయిలా గట్టిపడిందంటే ఆలస్యం చెయ్యకుండా అన్నీ ఫ్రిజ్‌లోకి.

వెనిగర్‌లా పుల్లగా అయిపోయింది

రోజులు ఎక్కువయ్యాయి, అంతే. యూట్యూబ్‌లో చలిదేశాల వాళ్ళు చెప్పే పది పన్నెండు రోజులు మే నెల వైజాగ్‌కి పనికిరావు, ఐదో రోజు నుంచి రోజూ చెంచాడు రుచి చూడండి. పుల్లబడింది తర్వాతి బ్యాచ్‌కి తోడు వెయ్యడానికి చక్కగా పనికొస్తుంది.

మిగతావి

గోధుమ రంగు పోగులు వేలాడుతుంటే అది ఈస్టే, భయం లేదు. పైన పొడిగా, నూగుగా, ఆకుపచ్చో నల్లగానో కనిపిస్తే బూజు, స్కోబీతో సహా మొత్తం పారబొయ్యండి, పైది తీసేసి తాగొద్దు. మామిడి సీజన్లో చిన్న ఈగలు దూరుతుంటే జాడీ మూతికి కట్టిన పల్చటి గుడ్డ తీసేసి పాత పంచె ముక్క మడతేసి రబ్బరు బ్యాండుతో బిగించండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వల్ల పాడవడం చాలా అరుదు, ఎలాగూ కాస్తాం కాబట్టి దాని జోలికి పోవద్దు.

ఒకటి మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి, సీసాలో గ్యాస్ పట్టేటప్పుడు కొంచెం ఆల్కహాల్ కూడా తయారవుతుంది. పిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది పొయ్యకండి, వాళ్ళకి మామూలు అల్లం టీ పెట్టండి.