ఈసీజీ కాగితం చూసి గుండె వేగం లెక్కగట్టడం ఎలా?

ఈసీజీ కాగితం, పెన్సిలు, ఫోన్‌లో కాలిక్యులేటర్. ఇంతే కావలసింది. పెన్ను మాత్రం వద్దు, గీతల్లో గీత కలిసిపోతుంది.

ముందు కాగితం ఎంత వేగంతో నడిచిందో దాని అంచున చూడండి. మామూలుగా సెకనుకు 25 మి.మీ. అని ఉంటుంది. అంటే చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. 50 అని ఉంటే చివర్లో వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ నిటారుగా లేచే పదునైన మొనే ఆర్. పక్కపక్కనున్న రెండు ఆర్ మొనల మధ్య చిన్న గళ్లు లెక్కపెట్టి, 1500ను ఆ సంఖ్యతో భాగించండి. 20 గళ్లుంటే వ్యవధి 0.8 సెకను, వేగం నిమిషానికి 75. ఆర్ తర్వాత గుండ్రంగా లేచే టి తరంగం ఎత్తుగా ఉంటే దాన్నీ ఆర్ అనుకుని లెక్కేస్తారు. మెషీన్లు కూడా ఒక్కోసారి ఇదే తప్పు చేస్తాయి, అందుకే పైన అచ్చయిన అంకెను నేను గుడ్డిగా నమ్మను.

రెండు ఆర్‌ల మధ్య పెద్ద గళ్లు ఒకటుంటే 300, రెండుంటే 150, ఆపై వరసగా 100, 75, 60, 50 అని అందరూ బట్టీపట్టే పద్ధతి నాకు నచ్చదు. ఐదు గళ్ల నుంచి ఆరుకు వెళ్తే తేడా 10 మాత్రమే. అదే రెండు నుంచి మూడుకు వెళ్తే ఏకంగా 50! గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడే కచ్చితంగా తెలియాలి, సరిగ్గా అక్కడే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

ఇక అసలు చిక్కు లయ తప్పినప్పుడు. ఒక వ్యవధి 0.5 సెకను, పక్కది 1 సెకను అనుకోండి. చాలామంది 120, 60 అని విడివిడిగా వేగాలు కట్టి, సగటు 90 అని రాసేస్తారు. తప్పు. రెండు వ్యవధులకు పట్టిన కాలం 1.5 సెకన్లు, సగటు 0.75, కాబట్టి వేగం 80. వ్యవధి, వేగం విలోమంగా మారతాయి. అందుకే సగటు తీయాల్సింది కాలానికి. వేగాల సగటు తీస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, అంటే గుండె పైగదులు అడ్డదిడ్డంగా అదిరే జబ్బులో, ఏ రెండు వ్యవధులూ కలవవు. అక్కడ రెండు మొనల మధ్య గళ్ల జోలికే పోకండి. కింది పొడవాటి పట్టీలో 50 పెద్ద గళ్లు, అంటే 10 సెకన్లు కొలుచుకుని, అందులోని ఆర్ మొనలను 6తో గుణించండి. పట్టీ అంతకన్నా పొట్టిగా ఉంటే 30 గళ్లు తీసుకుని 10తో గుణించండి. అలాంటివాళ్లకు మణికట్టు దగ్గర నాడి చూస్తే ఇంతకన్నా తక్కువ రావచ్చు. కొన్ని కొట్టుకోవడాలు బలహీనమై అక్కడిదాకా చేరవు. టెన్షన్ పడి లెక్క దిద్దేయకండి, రెండు అంకెలూ విడివిడిగా రాయండి.