కీబోర్డు కొన్నారా? వాయించేముందు అడాప్టరు మీది రాత చదవండి

పెట్టె విప్పగానే అందరం చేసే పని ఒకటే. ప్లగ్గు పెట్టి, డెమో పాట మోగించి, ఇంటిల్లిపాదినీ పిలవడం. నా మొదటి కీబోర్డు పాతది, దానితో అడాప్టరు రాలేదు. దుకాణానికి వెళ్లి తొమ్మిది వోల్టులది అడిగి తెచ్చుకున్నాను. పిన్ను చక్కగా పట్టింది, కీబోర్డు మాత్రం పలకలేదు. మెకానిక్ మూత విప్పి, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడు, మిరియపు గింజంతది, మాడిపోవడం చూపించి, "ఇది అడ్డుపడి చచ్చింది కాబట్టి మిగతా బోర్డు బతికిందండీ" అన్నాడు. వోల్టులు సరిపోయాయి, ప్లస్సు మైనస్సులే తారుమారయ్యాయి. అందుకే సరిగమల కంటే ముందు కరెంటు సంగతి.

1. అడాప్టరు

కీబోర్డు వెనక పిన్ను దూర్చే రంధ్రం పక్కన చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ తెగిన వలయం, రెండింటి నుంచీ చెరో గీత, గీతల చివర ప్లస్, మైనస్ గుర్తులు. అడాప్టరు మీది బొమ్మ కూడా అచ్చం అలాగే ఉండాలి. వోల్టులు సమానంగా ఉండాలి. ఆంపియర్లు అడాప్టరు మీద ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ ఉంటేనే చిక్కు. ఇళ్లలో వాడే యమహా మోడళ్లలో చాలావాటికి 12 వోల్టులు, ఈమధ్య వచ్చిన కాసియోలలో చాలావాటికి 9.5 కావాలి. పాత కాసియోలు కొన్నింటికి 9 వోల్టులు, పైగా చుక్క వైపు మైనస్. కాబట్టి ఇంట్లో రెండు కంపెనీలవి ఉంటే అడాప్టర్లకు పేర్లు రాసి అంటించండి.

గోడ స్విచ్చు ఆపి ఉండగానే పిన్ను పెట్టండి, తరువాత స్విచ్చు వేయండి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు పీకేయండి, స్విచ్చు కట్టేస్తే చాలదు. బ్యాటరీలతో వాయిస్తే పాతవీ కొత్తవీ కలపవద్దు. నెలల తరబడి వాడకపోతే తీసి పక్కన పెట్టండి. లోపల కారి తెల్లగా పొక్కితే స్ప్రింగులు పాడవుతాయి.

2. స్టాండు, చోటు

కత్తెర స్టాండు మరను బిగించి, కీబోర్డు పెట్టాక అరచేత్తో ఒకసారి నొక్కి చూడండి. ఊగితే అలాగే మొదలుపెట్టవద్దు. కూర్చున్నప్పుడు మోచేతులు మెట్ల (వేళ్లతో నొక్కే తెల్ల, నల్ల పలకల) ఎత్తుకు సమంగా రావాలి. మంచం మీద పెట్టుకొని వంగి వాయిస్తే వారంలోనే నడుం పట్టేస్తుంది. ఎండ పడే కిటికీ పక్కన, దీపం దగ్గర, ఏసీ కింద పెట్టవద్దు. టీ గ్లాసు దాని మీద పెట్టేవారు ఎంత దగ్గరి బంధువైనా మొహమాటపడకుండా తీయమనండి.

3. ఆన్ చేయడం

శబ్దం తగ్గించి పెట్టండి. కాలితో నొక్కితే మోతను సాగదీసే సస్టెయిన్ పెడల్ ఉంటే ముందే తగిలించండి, ఆన్ చేసేటప్పుడు దాని మీద కాలు వేయవద్దు. చాలా కీబోర్డులు ఆ క్షణంలో పెడల్ ఎలా ఉందో అదే వదిలేసిన స్థితి అనుకుంటాయి. కాలు వేసి ఉంటే అంతా తలకిందులై, కాలు తీస్తే మోత సాగుతుంది, వేస్తే తెగుతుంది. ఆఫ్ చేసి, కాలు తీసి, మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. కాసేపు ముట్టుకోకపోతే దానంతట అదే ఆగిపోయేవీ ఉన్నాయి. అది జబ్బు కాదు, పొదుపు.

4. శ్రుతి పెట్టుకోవడం

హార్మోనియం మీద శ్రుతి మారిస్తే వేళ్లు వేరే మెట్ల మీదికి జరగాలి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉండడం వల్ల వేళ్లు అక్కడే ఉంటాయి, శ్రుతి మాత్రం జరుగుతుంది. రెండు నల్ల మెట్లు జంటగా ఉన్న చోట, వాటికి ఎడమ పక్కనే ఉన్న తెల్ల మెట్టు ఒకటి శ్రుతి. అక్కడి నుంచి తెల్లవాటినే లెక్కపెడితే ఐదోది ఐదు శ్రుతి. ఒక్కో అంకె పెంచితే ఒక్కో మెట్టు, నల్లవాటితో సహా, పైకి జరుగుతుంది. మీ గొంతుకు ఐదు శ్రుతి కావాలంటే ప్లస్ 7 పెట్టండి. అది మరీ పైకి వెళ్లిందనిపిస్తే మైనస్ 5 పెట్టండి. స్వరం అదే, స్థాయి కింద.

ఇప్పుడు కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే రాగం, మాయామాళవగౌళ. ఇందాకటి తెల్ల మెట్టు మీద కుడిచేతి బొటనవేలు, అది స. పక్కనున్న నల్లదాని మీద చూపుడువేలు, రి. జంట దాటాక వచ్చే తెల్లదాని మీద మధ్యవేలు, గ. ఇక్కడ బొటనవేలును అరచేతి కిందుగా పోనిచ్చి, ఆ పక్క తెల్లదాని మీద పెట్టండి, అది మ. తరువాతి తెల్లది చూపుడువేలితో ప. మూడు నల్లవాటి గుంపులో మధ్యది మధ్యవేలితో ద. ఆ గుంపు దాటాక వచ్చే తెల్లది ఉంగరపువేలితో ని, దాని పక్కది చిటికెనవేలితో పై స. బొటనవేలు కిందుగా పోయే ఆ ఒక్క మలుపు కుదిరితే సరళీ స్వరాలు (మొదటి పాఠాలు) పరుగెత్తుతాయి. గమకాలను, అంటే స్వరాన్ని ఊపి పలికించడాన్ని, మాత్రం మెట్ల మీద ఆశించకండి, వాటికి వీణ దగ్గరికే వెళ్లాలి.

5. హెడ్‌ఫోన్లు, మైకు సెట్టు

హెడ్‌ఫోన్లు పెట్టుకునే ముందు శబ్దం తగ్గించండి. స్పీకర్లకు సరిపోయే మోత చెవిలో పెద్ద దెబ్బ. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్సే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లలకైతే అంతకన్నా తక్కువ.

భజన మందిరంలో మైకు సెట్టు మిక్సరుకు (శబ్దాలన్నీ కలిపే పెట్టెకు) తగిలించేటప్పుడు మరో తిరకాసు ఉంది. హెడ్‌ఫోను రంధ్రం స్టీరియో, అంటే ఎడమ, కుడి శబ్దాలు విడివిడిగా వస్తాయి. అందులోంచి మూడు భాగాల పిన్నున్న ఒకే తీగను మైకు చానల్‌కు ఇస్తే కుడి శబ్దం ఎడమ శబ్దాన్ని తినేసి, పియానో డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఒక వైపు స్టీరియో పిన్ను, మరో వైపు విడివిడిగా రెండు పిన్నులు ఉన్న తీగ అడిగి, రెండు చానళ్లకు ఇవ్వండి. ఆన్ చేసేటప్పుడు కీబోర్డు ముందు, యాంప్లిఫయరు చివర. ఆపేటప్పుడు యాంప్లిఫయరే ముందు. వరుస తప్పితే "ఢబ్"మన్న మోత స్పీకరుకు తగులుతుంది.

6. తుడవడం

గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. థిన్నరు, స్పిరిట్, శానిటైజరు వద్దు. వాయించడం అయ్యాక గుడ్డ కప్పండి. ఒక మందిరంలో ఎప్పుడూ తెరిచే ఉంచే కీబోర్డులో మధ్యస్థాయి పంచమం నొక్కితే పైకి లేచేది కాదు. బోర్డు పోయిందన్నారు, కొత్తది కొందామన్నారు. విప్పి చూస్తే మెట్టు కింద నాలుగు అక్షింతలు, కొంచెం పసుపు.