డెబియన్ వేసే ముందే రాసి పెట్టుకోవాల్సిన సెట్టింగులు

పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఆఫీసులో అందరి ఫైళ్లూ ఉంచే సర్వర్‌గా వాడుకోవాలనుకుంటున్నారా? పెన్‌డ్రైవ్ పెట్టే ముందు ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు తోచింది కొట్టేస్తే, తర్వాత సరిదిద్దుకోవడం పెద్ద తలనొప్పి.

ముందుగా తేల్చుకోవాల్సింది ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే నంబర్. మామూలుగా దాన్ని రౌటరే డీహెచ్‌సీపీ (నంబర్లు దానంతటదే పంచే పద్ధతి) ద్వారా ఇస్తుంది. ఫోన్లకు అది చాలు, సర్వర్‌కు చాలదు. ఈరోజు 192.168.1.105 ఇచ్చిన రౌటర్, కరెంటు పోయి వచ్చాక ఇంకో నంబర్ ఇవ్వొచ్చు. అప్పుడు అందరి కంప్యూటర్లలో పెట్టిన షార్ట్‌కట్లు ఆగిపోతాయి, ఫోన్లు మీకు మొదలవుతాయి.

అందుకే విండోస్ ఇంకా ఉండగానే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఆల్ (ipconfig /all) అని కొట్టండి. సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే, ఫిజికల్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబర్) రాసుకోండి. వైఫైకి, కేబుల్‌కి ఫిజికల్ అడ్రస్ వేరు; ఈథర్‌నెట్ కింద ఉన్నదే మీకు కావాలి. గేట్‌వే అంటే మీ రౌటరే. ఆ నంబర్‌ను బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అయి, డీహెచ్‌సీపీ రేంజ్ (రౌటర్ పంచే నంబర్ల హద్దు) చూడండి. అది 192.168.1.100 నుంచి 192.168.1.199 దాకా ఉంటే, సర్వర్‌కు 192.168.1.20 లాంటి, ఆ రేంజ్‌లో లేని నంబర్ ఎంచుకోండి. దాన్ని ఏ ప్రింటరో, కెమెరానో వాడట్లేదని చూసుకోండి.

ఇన్‌స్టాలర్ ఐపీ అడగకుండానే డీహెచ్‌సీపీతో ముందుకెళ్లిపోతుంది. హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ పేరు) అడిగే చోట 'గో బ్యాక్' నొక్కితే నెట్‌వర్క్‌ను చేత్తో సెట్ చేసే ఆప్షన్ కనిపిస్తుంది; రాసుకున్న నంబర్లు అక్కడ ఇవ్వండి. మీ రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ ఉంటే ఈ తిప్పలే అక్కర్లేదు: ఫిజికల్ అడ్రస్ ఇచ్చి నంబర్ కేటాయించేయండి. నా ఓటు దీనికే.

హోస్ట్‌నేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడండి. అండర్‌స్కోర్ వద్దు. లొకేషన్ ఇండియా అంటే టైమ్ జోన్ దానంతటదే కుదురుతుంది.

డిస్క్ దగ్గర తొందరపడకండి. పాత ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు తెరిచి చూశాకే ముందుకెళ్లండి. 500 జీబీ డిస్క్ అయితే సిస్టమ్‌కు 40, స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) 4 ఇచ్చి, మిగతాది హోమ్ పార్టిషన్‌కు (మీ ఫైళ్లుండే భాగం) వదలండి. రేపు సిస్టమ్ మళ్లీ వేయాల్సి వచ్చినా, హోమ్‌ను ఫార్మాట్ చేయకపోతే ఫైళ్లు భద్రం. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, మెషీన్ యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) ఉన్నది కాబట్టి ఆ పేరున్న లైన్‌నే ఎంచుకోండి.

కీబోర్డ్ 'అమెరికన్ ఇంగ్లిష్' పెట్టండి. బ్రిటిష్ పెడితే @ గుర్తు, డబుల్ కోట్ తారుమారై, పాస్‌వర్డ్ మీరు అనుకున్నది ఒకటి, పడేది ఇంకొకటి అవుతుంది. రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మీ యూజర్‌కే సుడో హక్కులు, అంటే అవసరమైనప్పుడు రూట్‌లా పనిచేసే హక్కులు వస్తాయి; చిన్న ఆఫీసుకు అదే మంచిది.