మ్యాలోస్ బేలో ఓడల మధ్య కయాక్ నడపాలంటే

గోపాల్‌పూర్, ఛత్రపురం, బరంపురం నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాషింగ్టన్ చుట్టుపక్కల దిగితే వైట్ హౌస్, మ్యూజియాలు చూపించి ఇంటికి తీసుకొచ్చేస్తారు. మా అమ్మాయి ఉండేది అటువైపే కాబట్టి ఇంకో చోటు చూడగలిగాను. నీళ్ళ పక్కన పుట్టి పెరిగిన మనవాళ్ళు అదే ముందు చూడాలని నా కోరిక.

దాని పేరు మ్యాలోస్ బే. వాషింగ్టన్‌కి దక్షిణాన 40 మైళ్ళ దూరంలో, మేరీల్యాండ్ వైపు పొటోమాక్ నది ఒడ్డున ఉంది. నూటికి పైగా చెక్క ఆవిరి ఓడలు అక్కడ నీళ్ళలో పడి ఉన్నాయి. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగినప్పుడు జర్మన్ సబ్‌మెరైన్లు సరుకు ఓడల్ని వరసగా ముంచేస్తున్నాయి. ఉక్కు సరిపోక వందల ఓడల్ని చెక్కతో కట్టించడం మొదలుపెట్టారు. అవి చాలావరకు పూర్తికాకముందే, 1918 నవంబరులో యుద్ధం ఆగిపోయింది. 1922లో ఒక పాతసామాన్ల కంపెనీ 233 ఓడల్ని ఏడున్నర లక్షల డాలర్లకి కొని, ఇనుము తీసుకోవడానికి ఈ నదిలోకి లాక్కొచ్చింది. నది మీద బతికే జాలర్లు వద్దని గొడవపెట్టారు. 1925 నవంబరు 7న ఆ కంపెనీ ఒకేసారి 31 ఓడలకి నిప్పు పెట్టింది. నీటిమట్టం దాకా కాలి మిగిలిన అడుగుభాగాలే ఇప్పుడు మనం చూసేవి. 2019లో ఆ నది ముక్కని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు.

వెళ్ళే రోజుని సెలవు చూసి కాదు, పోటూపాటూ చూసి పెట్టుకోండి. సముద్రానికి దూరంగా ఉన్నా అక్కడి నదికి ఆటుపోట్లు ఉన్నాయి. మన గోపాల్‌పూర్ ఒడ్డుతో పోలిస్తే నీళ్ళు ఎక్కి దిగేది తక్కువే, అడుగున్నర అటూఇటూ. కానీ ఆ అడుగున్నరలోనే ఒక ఓడ పైకి కనిపించడమా, మీ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) అడుగున దాక్కోవడమా అన్నది తేలుతుంది. పాటు మీద, అంటే నీళ్ళు దిగినప్పుడు, వెళితే పక్కటెముకల్లాంటి దూలాలు బయటపడి ఓడ ఆకారం బాగా తెలుస్తుంది. నిండు పోటులో తిరగడం సులువే గాని, తుప్పుపట్టిన ఇనప మేకులు నీళ్ళకి బెత్తెడు కింద నిలబడి ఉంటాయి, కంటికి ఆనవు. నా సలహా అడిగితే, పాటుకి గంటన్నర ముందు నీళ్ళలోకి దిగండి. దిగే నీళ్ళతోపాటు ఓడలు ఒక్కొక్కటే బయటపడడం చూడొచ్చు. పోటు వేళలు అమెరికా ప్రభుత్వం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పిల్లల్ని అడిగితే ఫోన్‌లో తీసిపెడతారు.

తరవాత గాలి. ఓడలున్న ఒడ్డు నదికి తూర్పున ఉంది. పడమటి గాలి లేస్తే మైలుకి పైగా ఖాళీ నీటి మీదుగా వచ్చి కెరటాల్ని నేరుగా మేకుల మీదికే తోస్తుంది. అలాంటి రోజున మానుకోండి. పొద్దున్నే గాలి లేవకముందు వెళ్ళడం మేలు.

మనవాళ్ళు ఎక్కువగా వేసవిలోనే వెళతారు. వేసవిలో నీటి అడుగున నాచుగడ్డి దట్టంగా పెరిగి తెడ్డుకి చుట్టుకుంటుంది, ఓడల మీద మొక్కలు కమ్మేస్తాయి. అక్టోబరు దాకా ఉండేవాళ్ళు అప్పటిదాకా ఆగితే మంచిది. ఏప్రిల్‌లో ఓడలు ఇంకా బాగా కనిపిస్తాయి గాని, ఎండ కాస్తున్నా నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి. మన సముద్రంలో ఎంత ఈదినా ఆ చలి మనకి అలవాటు లేదు. పడితే ముందు ఊపిరి బిగుసుకుపోతుంది, చేతులు ఆడవు. వెట్‌సూట్ (నీళ్ళలో చలి ఆపే రబ్బరు దుస్తులు) లేకుండా అప్పుడు దిగొద్దు.

ఆ ఒడ్డునున్న పార్కులో పడవ దింపే రేవు ఉంది, కయాక్‌లు అద్దెకిచ్చే కొట్టు లేదు. బయట అద్దెకి తీసుకుని కారు మీద కట్టుకెళ్ళాలి, లేదా గైడ్‌తో తీసుకెళ్ళేవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. మొదటిసారి గైడ్‌తోనే వెళ్ళండి. తాగేనీళ్ళు, తిండి ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. కాళ్ళకి గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు పనికిరావు. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటికి బిగించుకోండి. తెప్ప మీద పెరిగినవాళ్ళం, మాకెందుకని మా వాడలో పెద్దవాళ్ళు అంటారు. ఈత వచ్చినవాడికైనా తల దూలానికి తగిలితే ఏం చేయగలడు? కుదిరితే బయల్దేరే ముందు రంభ దగ్గర చిలికలో ఒక పూట చిన్న పడవ మీద కూర్చుని తెడ్డు అలవాటు చేసుకోండి.

రేవు దాటగానే ఎత్తుగా కనిపించే తుప్పు ఓడ చెక్కది కాదు. అది ఎకోమాక్ అనే ఉక్కు ఫెర్రీ (జనాన్ని దాటించే ఓడ), ఆ చెక్క ఓడల యుద్ధంతో సంబంధం లేకుండా తరవాత వచ్చింది. చాలామంది దాన్నే ఫొటో తీసుకుని తిరిగిపోతారు. మీరు ముందుకి వెళ్ళండి. చెక్క ఓడల కడుపులో మట్టి చేరి, చెట్లు మొలిచి, ఒక్కో ఓడ ఒక్కో లంకయింది. వాటి మీద చేపలు పట్టే గద్దలు గూళ్ళు కడతాయి. గూటిలో పిల్లలుంటే తల్లి గద్ద అరుస్తుంది, వెంటనే దూరంగా జరిగిపొండి. ఓడ పక్కన తెడ్డు మెల్లగా, లోతుగా కాకుండా పైపైన వేయండి. ఒకరి వెనక ఒకరు వెళ్ళండి, ముందున్నవాళ్ళు మేకు కనిపిస్తే చెయ్యెత్తి చెప్పాలి.

ఓడ మీదికి ఎక్కొద్దు, పడవని దానికి కట్టొద్దు. ఒక్క మేకు కూడా తెచ్చుకోకూడదు, అది చట్టం. చేపలు పట్టుకోవడానికి మాత్రం అభయారణ్యం అడ్డురాదు, మేరీల్యాండ్ లైసెన్స్ తీసుకుంటే చాలు. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ళ కోసం వేట ఆపుతారు కదా, ఇక్కడ కాపాడేది ఓడల్ని. నన్నడిగితే రెండూ ఒకటే. ఆ జాలర్ల నదిలో చెత్తలా పారేసిన కట్టె ఈరోజు చేపలకి నీడ, పక్షులకి చెట్టు. దాన్ని కదిలిస్తే వాటి ఇల్లు కూలుతుంది.

ఒడ్డుకి వచ్చాక గడ్డిలో కూర్చోకండి. ఆ అడవుల్లో టిక్ అనే పిడుదు పురుగులుంటాయి, జబ్బు తెస్తాయి. కారెక్కేముందు కాళ్ళు, మెడ, చెవుల వెనక చూసుకోండి. ఇంటికెళ్ళి స్నానం చేసేటప్పుడు మళ్ళీ ఒకసారి చూసుకోండి.