హైదరాబాద్ నుంచి డాలస్‌కి దూరం, ప్రయాణ సమయం లెక్క కట్టడం ఎలా

గోడ మీది మ్యాప్‌పై స్కేలు పెట్టి కొలవకండి. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచిన బొమ్మ అది, అందుకే కొలత తప్పుతుంది. గ్లోబు ఉంటే దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం సైబీరియా మీదుగా పైకెక్కి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఆనుకుని, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు చుట్టుకొలత 94 సెం.మీ., దారం పొడవు 34 సెం.మీ. వస్తుంది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 34ను 40,000తో గుణించి 94తో భాగిస్తే 14,470. అసలు దూరం సుమారు 14,400 కి.మీ.

కంప్యూటర్‌లో అయితే గూగుల్ మ్యాప్స్‌లో రైట్ క్లిక్ చేసి దూరం కొలిచే ఆప్షన్ వాడండి. డాలస్‌లో ఎయిర్‌పోర్టులు రెండు. అంతర్జాతీయ విమానాలు దిగేది డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఫోర్ట్ వర్త్)లో, కొలిచేటప్పుడు దాన్నే ఎంచుకోండి. డీఏఎల్ అంటే లవ్ ఫీల్డ్, అది దేశీయ విమానాలకే.

మీరు నిజంగా ఎగిరే దూరం మాత్రం మధ్యలో ఎక్కడ ఆగుతారన్నదాన్ని బట్టి మారుతుంది. దోహా మీదుగా వెళ్తే 2,900, తర్వాత 12,750, మొత్తం 15,650 కి.మీ. విడివిడిగా కొలిచి కలపాలి.

ఇక సమయం. విమానం గంటకు సుమారు 900 కి.మీ. వెళ్తుందనుకుని దూరాన్ని 900తో భాగించి, రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కడానికి అరగంట కలపండి. 12,750 కి.మీ.కు 14 గంటల 40 నిమిషాలొస్తుంది. అయితే దోహా నుంచి డాలస్‌కి 16 గంటల దాకా పడుతుంది, తిరుగు ప్రయాణానికి పద్నాలుగున్నర చాలు. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెళ్లేటప్పుడు ఎదురొస్తాయి, వచ్చేటప్పుడు వెనక నుంచి నెడతాయి.

ఎక్కువమంది పొరబడేది టికెట్ చదవడంలో. టికెట్ మీద బయల్దేరే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది. ఉదాహరణకు తెల్లవారుజామున 3.30కి బయల్దేరి అదే రోజు మధ్యాహ్నం 3.30కి దిగుతారని ఉందనుకోండి. అది 12 గంటల ప్రయాణం కాదు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో పదకొండున్నర. వెళ్లేటప్పుడు ఆ తేడా కలపాలి: వేసవిలో 22.30 గంటలు, చలికాలంలో 23.30. వచ్చేటప్పుడు తీసేయాలి. శుక్రవారం రాత్రి 8కి డాలస్‌లో ఎక్కి ఆదివారం వేకువన 2.30కి శంషాబాద్‌లో దిగితే గడియారం ప్రకారం 30.30 గంటలు, వేసవిలో పదిన్నర తీసేస్తే 20. ఎయిర్‌పోర్టుకు ఎదురొచ్చేవాళ్లకు తేదీతో పాటు వారం కూడా చెప్పండి.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో విమానం మారేలా ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. మామూలుగా బ్యాగులు కూడా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్లకు ఆ మూడు గంటలూ చాలవు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే.