కాదిస్‌లో ఒక రోజు: గాలి, ఆటుపోట్లు, వంటింటి వేళలు చూసుకుని

స్పెయిన్ దక్షిణాన అట్లాంటిక్‌లోకి చొచ్చుకెళ్లిన సన్నని నేల మీద ఉంది కాదిస్ పాతపట్టణం. ఫినీషియన్ వర్తకులు వేసిన ఊరు. సెవిల్యా (సెవిల్) నగరంలో సాంతా హుస్తా స్టేషన్ నుంచి రైలులో గంటన్నర నుంచి గంటా ముప్పావు. కారు వద్దు, ఆ ఇరుకు సందుల్లో ఎక్కడా పెట్టలేరు. రైలు దిగి పది నిమిషాలు నడిస్తే సాన్ హువాన్ దె దియోస్ కూడలి.

ముందు సెంట్రల్ మార్కెట్‌కు వెళ్లండి, పదకొండులోపే. ఆదివారం మార్కెట్ మూత. ఆదివారం పడవలు వేటకు వెళ్లవు కాబట్టి సోమవారం చేపల బల్లలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. చేపల కోసమే వస్తుంటే మంగళవారం నుంచి శనివారం మధ్య రండి.

తర్వాత తవీరా బురుజు. ఒకప్పుడు ఓడల రాకను కనిపెట్టడానికి కట్టుకున్న బురుజుల్లో అన్నిటికంటే ఎత్తైనది. పైన చీకటి గదిలో అద్దం, కటకాల సాయంతో ఊరంతా తెల్లటి పళ్లెం మీద పడుతుంది. డాబాల మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగడం కూడా కనిపిస్తుంది. మబ్బు పడితే బొమ్మ మసకబారుతుంది, అందుకే ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్లాలి. లోపలికి విడతలవారీగా పంపుతారు. టికెట్ ముందే తీసుకోండి.

తిండి వేళల దగ్గరే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. మధ్యాహ్న భోజనం ఒకటిన్నర నుంచి నాలుగు, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తర్వాత. మధ్యలో చాలా వంటిళ్లు మూసేస్తారు. లా వీన్యా పేటలో తోర్తియీతా దె కమరోనెస్ అడగండి: శనగపిండి, గోధుమపిండి, ఉల్లి, పార్స్లీ, పెంకు తీయని చిట్టి రొయ్యలు చన్నీళ్లతో పల్చగా కలిపి, బాగా కాగిన నూనెలో వేస్తారు. రవ్వదోసె అంచులా చిల్లులు చిల్లులుగా, కరకరలాడుతూ రావాలి. మందంగా, మెత్తగా ఉంటే పిండి చిక్కనైనట్టు, లేదా నూనె కాగనట్టు. చల్లారితే రుచే పోతుంది, ఒక్కొక్కటే తెప్పించుకోండి. మిగతావి సగం ప్లేటు కావాలంటే ‘మెదియా రాసియోన్’ అనాలి.

శాకాహారులు ‘వెజిటేరియన్’ అని ఊరుకోకండి. సలాడ్‌లో ట్యూనా, చల్లటి టమాటా సూప్ సాల్మొరేహో మీద పంది మాంసం తురుము వస్తాయి. ‘సిన్ హమోన్, సిన్ అతూన్’ అంటే అవి రెండూ వద్దని. పాలకూర-శనగల కూర దొరికితే హాయి, అయినా అందులో మాంసం పులుసు కలిపారేమో అడగండి.

బీచ్‌కు వెళ్లేముందు గాలి చూసుకోండి. లెవాంతె అనే తూర్పుగాలి కొన్ని రోజులు ఆగకుండా వీస్తుంది. పొడవాటి విక్తోరియా బీచ్‌లో ఇసుక ఒంటికి సూదుల్లా గుచ్చుకుంటుంది. ఆ రోజుల్లో లా కలేతా బీచ్ మేలు: పడమటి ముఖం కాబట్టి వెనకున్న ఊరే గాలిని ఆపుతుంది. కాకపోతే అది చిన్నది, పోటు మీదున్నప్పుడు ఇసుక ఇంకా తగ్గిపోతుంది. ఆటుకు రాళ్లు బయటపడతాయి. నాచుతో జారతాయి, చెప్పులు విప్పకండి. ఆటుకూ పోటుకూ మధ్య ఆరు గంటల పైమాట. ఆ రోజు వేళలు ఫోన్‌లో చూసుకుని బయల్దేరండి.

జూన్ ఆఖరున సూర్యుడు దిగేది రాత్రి తొమ్మిదీ నలభై అయిదు తర్వాతే. అది చూడాలంటే సెవిల్యాకు ఆఖరి రైలు వేళ ముందే కనుక్కోండి, లేదా ఆ రాత్రి అక్కడే ఉండండి. కార్నివాల్ రోజుల్లో, అంటే ఎక్కువగా ఫిబ్రవరిలో, వస్తుంటే మాత్రం గది నెలల ముందే పట్టుకోవాలి.